పని, కూలి, కొత్త పండుగ

“మన్యం వాళ్లు నాలుగు రోజులు పనికొస్తే ఐదో రోజు కనబడరు. చేతిలో నాలుగు డబ్బులు పడితే చాలు, ఇక లేవరు.” ఈ మాట కాంట్రాక్టరు అంటాడు, మిరపతోట రైతు అంటాడు, అప్పుడప్పుడు మన ఆశ్రమ పాఠశాలకు కొత్తగా వచ్చిన మాస్టారు కూడా అంటాడు. విని విని మన పిల్లల్లో కొందరు నమ్మేశారు. ఈ సోమరి ముద్రకు మనం ఇన్నాళ్లూ ఇచ్చిన జవాబు ఒకటే: “కాదు, మేమూ కష్టపడతాం.” జవాబు నిజమే గాని చాలదు. ఆ మాట అనడంలోనే ఎదుటివాడి కొలబద్దను ఒప్పేసుకుంటున్నాం. కష్టం అంటే ఏమిటి, ఎంత చేస్తే చాలు, చాలు అన్న మాట ఎవరు అనాలి? ఈ ప్రశ్నలన్నీ అతనికే వదిలేస్తున్నాం.

అసలు ఈ ఫిర్యాదు మన కొండల్లో పుట్టిందే కాదు. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1905 ప్రాంతంలో పెట్టుబడిదారీ స్వభావం మీద రాసిన పేరున్న గ్రంథంలో ఒక కోత కూలీ ఉదాహరణ ఉంది. ఎకరాకు ఒక మార్కు కూలి ఉన్నప్పుడు అతను రోజుకు రెండున్నర ఎకరాలు కోసి రెండున్నర మార్కులు పట్టుకెళ్లేవాడు. కోత తొందరగా ముగియాలని ఎకరాకు మార్కుంపావు చేశారు. మూడెకరాలు కోస్తాడని ఆశ. అతను రెండెకరాలే కోశాడు. రెండున్నర మార్కులు వచ్చేశాయి, ఇంటికి వెళ్లిపోయాడు. రోజంతా ఒళ్లు వంచితే ఎంత వస్తుందని అతను లెక్క వేయలేదు. తనకు కావలసినదానికి ఎంత పని చేయాలన్నదే అతని లెక్క. వెబర్ దీన్ని పాతకాలపు బుద్ధి అన్నాడు, పెట్టుబడిదారీ వ్యవస్థకు ఎదురుపడిన పెద్ద అడ్డంకి ఇదేనన్నాడు. అంటే యూరప్‌లో తెల్ల కూలీని కూడా యజమానులు ఇదే తిట్టు తిట్టారన్నమాట. కాబట్టి మన మీద పడిన ముద్రను జాతి లక్షణం అనుకుని కుంగిపోనక్కర్లేదు. ‘చాలు’ అనడం తెలిసిన ప్రతి మనిషి మీదా పడిన ముద్ర అది.

మరి ‘చాలు’ అనే మనిషి చేత ఐదో రోజు పని చేయించడం ఎలా? కోరికలు పెంచడం ఒక దారి. బతికే మిగతా తోవలన్నీ మూసేయడం రెండో దారి. సెల్‌ఫోన్లు, బైకుల వాయిదాలు నిన్న మొన్నటివి. మన కొండలకు ముందు వచ్చింది రెండోదే. 1879లో రంప పితూరీ లేవడానికి ఒక ముఖ్య కారణం కల్లు. ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లు మీద పన్ను వేసి, వసూలు హక్కును పైవాళ్లకు పాడేశారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీతలు పడ్డాయి, పోడు నేరమైంది. చెట్టు ఉన్నచోటే ఉంది, నేల ఉన్నచోటే ఉంది. కాని వాటి దగ్గరకు వెళ్లాలంటే చేతిలో డబ్బుండాలి, డబ్బుండాలంటే కూలికి పోవాలి. 1922లో గాం గంటం దొర, గాం మల్లు దొర అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి ముందు గూడెం కొండల్లో రగిలిన కోపాల్లో ఒకటి రోడ్డు పని గురించే. బాస్టియన్ అనే తహసీల్దారు జనాన్ని చాలీచాలని కూలికి రోడ్డు పనికి తోలాడు. పాఠ్యపుస్తకం దీన్ని దేశభక్తి కథగా చెబుతుంది, చెప్పాలి కూడా. అది కూలి కథ కూడా అన్న సంగతి మాత్రం తరగతి గదిలో ఎవరూ ఎత్తరు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన రచయితల్లో కొందరు మన పాత బతుకును స్వర్గంలా రాస్తారు. వాళ్లకు మద్దతుగా మార్షల్ శాలిన్స్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త మాట కూడా దొరుకుతుంది. 1972లో వచ్చిన తన పుస్తకంలో ఆయన వేటా సేకరణా మీద బతికే ప్రజలదే తొలి సమృద్ధ సమాజం అన్నాడు. కలహారి ఎడారిలో కొన్ని సమూహాలు తిండి తెచ్చుకోవడానికి వారంలో పదిహేను ఇరవై గంటలకు మించి తిరగరని లెక్కలు చూపాడు. తర్వాత వచ్చినవాళ్లు అడిగారు: గింజలు పగలగొట్టడం, కట్టెలు తేవడం, వండడం ఆ గంటల్లో ఉన్నాయా? లేవు. ఆ ప్రశ్న మన ఊళ్లోనూ అడగాలి. చోళ్లు విసిరేది ఎవరు, ఊట నుంచి నీళ్లు మోసేది ఎవరు, అడ్డాకులు కుట్టేది ఎవరు? “మా ఆవిడ పని చేయదు, ఇంట్లోనే ఉంటుంది” అని ఫారం మీద రాయించే మాట మార్కెట్ మనకు నేర్పిందే అయినా, ఆ పనిని లెక్కలోకి తీసుకోని అలవాటు అంతకు ముందు నుంచే ఉంది. ముఠాదారుల పెత్తనం ఉండేది. అప్పు తీరేదాకా మనిషే వెళ్లి షావుకారు ఇంట పడి ఉండే గొత్తి ఉండేది. వానాకాలం గింజ అయిపోతే మామిడి టెంక అంబలి తాగి గట్టెక్కిన తరాలు మనవి. ఆ అంబలికి తిరిగి వెళ్దామని నేను అనను. ఎవరైనా అంటే వాళ్లు తాగి చూసినవాళ్లు కాదని అర్థం.

కాఫీ దగ్గరకు వస్తాను. పెట్టుబడి మన పనిని ఎలా మార్చిందో చూడాలంటే ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు, తీర్పు చెప్పడం ఇంత కష్టమైనదీ లేదు. తూర్పు కనుమల్లోకి కాఫీ బ్రిటిష్ కాలంలో వచ్చింది. తర్వాత అటవీ శాఖ తోటల్లో మనం కూలీలం. ఆ తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు ప్రోత్సాహంతో మన భూముల్లోనే మొక్క నాటాం. ఇప్పుడు పాడేరు ఏజెన్సీలో కాఫీ లక్ష ఎకరాలు దాటింది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ పేరుతో దుకాణం తెరిచారు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇది చిన్న సంగతి కాదు. నీడ కోసం చెట్టు నిలబడింది, చెట్టును పట్టుకుని మిరియాల తీగ పాకింది. ఏడాదికోసారి చేతికి కొంత మొత్తం రావడం వల్ల పిల్లల్ని డిగ్రీకి పంపిన ఇళ్లున్నాయి. కాఫీ ఆదివాసీని నాశనం చేసిందని రాసేవాళ్లు ఆ ఇళ్ల గుమ్మం ముందు నిలబడి ఆ మాట అనగలరా?

కాని ధర సంగతి చూడండి. ప్రపంచంలో అరబికా ధరకు దారి చూపేది న్యూయార్క్‌లో జరిగే వాయిదా వ్యాపారం. 2025 ఫిబ్రవరిలో అక్కడ ధర పౌనుకు 4 డాలర్లు దాటి రికార్డుకెక్కింది. దానికి ముఖ్య కారణం బ్రెజిల్‌లో వానలు లేకపోవడం. అక్కడి రైతు తోట ఎండితే ఇక్కడి రైతు ముఖం వెలిగింది. రేపు అక్కడ వానలు బాగా కురిస్తే ఇక్కడ సంతలో ధర పడిపోతుంది. ఎన్నడూ చూడని మరో రైతు నష్టం మనకు లాభంగా తయారైంది. ఇందులో మన తప్పు లేదు, అతని తప్పూ లేదు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ షావుకారు కాటా నుంచి మనల్ని కాపాడడానికే వచ్చింది. అది ఒక ధర ప్రకటిస్తే ప్రైవేటు వ్యాపారి మరీ దిగజార్చి అడగలేడు. ఆ మేలు ఉంది. అయినా ఆ ధర పుట్టే చోట మనవాడెవడూ లేడు.

ధర కంటే లోతైన మార్పు ఇంకొకటి ఉంది. దాని గురించి మనవాళ్లు ఎవరూ రాసినట్టు నేను చూడలేదు, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

మనకు కొత్త పండుగలున్నాయి. మామిడి కొత్త, కొర్ర కొత్త, కంది కొత్త. కొత్త జరగకుండా ఆ పండు, ఆ గింజ నోట పెట్టకూడదు. బయటివాళ్లు దీన్ని సంబరం అని రాసుకుంటారు. అది ఒక కట్టుబాటు. ఊరంతా ఒకే రోజు మొదలుపెట్టాలి. ముందు దేవతకు, తర్వాత చనిపోయిన పెద్దలకు, ఆపైన బతికున్నవాళ్లకు. దీనివల్ల ఏమవుతుంది? కాయ ముదిరేదాకా చెట్టున ఉంటుంది. బలం ఉన్నవాడు ముందుగా దులుపుకుపోయే వీలుండదు. పదిమంది చేతులున్న ఇంటికీ ముసలమ్మ ఒక్కతే ఉన్న ఇంటికీ ఒకేసారి తోవ తెరుచుకుంటుంది. ఎజ్జోడో, దిసారో రోజు చెప్పాక ఊరు ఒప్పుకుంటే మొదలు. పని ఎప్పుడు మొదలవ్వాలో, పంట ఎవరిదో, ఎవరిని తలుచుకుని తినాలో మూడూ ఆ ఒక్క రోజులో తేలేవి.

కాఫీకి కొత్త లేదు. కాఫీకి కొత్త చేసిన ఊరు నేను ఇంతవరకూ చూడలేదు. మనం తినే పంట కాదది, పెద్దలకు పెట్టేదీ కాదు. మన ఇళ్లలో పొద్దున్నే కాగేది టీ. కాఫీ పండ్లు ఎర్రబడ్డాకే కోయాలని, పచ్చికాయ కలిపి దూసేస్తే ధర తగ్గుతుందని శిక్షణ ఇస్తారు. మంచి శిక్షణే. కాని ముదరని కాయ కోయకూడదన్నది మనకు కొత్త విషయమా? అప్పట్లో దాని పేరు కట్టుబాటు, ఇప్పుడు దాని పేరు నాణ్యత. అప్పుడు తప్పితే ఊరు నిలదీసేది, ఇప్పుడు తప్పితే ఎవరి బస్తాకు వాళ్లే కాటా దగ్గర తల వంచుకుంటారు. తెలివి అదే, పని కూడా ఇంచుమించు అదే. ఊరికీ పనికీ ఉన్న ముడి ఊడింది. పెట్టుబడి సంస్కృతిని చంపేస్తుందని మనం సభల్లో పెద్ద మాటలు వాడతాం. ఎక్కువసార్లు అది చంపదు. ఇలా ముడి విప్పుతుంది, అంతే.

విప్పిన ముక్కల్ని ఏం చేస్తుందో ధింసాలో కనిపిస్తుంది. ధింసా అంటే ఒక నాట్యం కాదు. బోడ ధింసా ఊరి దేవతకు. పోటార్ తోలా ధింసాలో ఆకు కోత ఉంది. బాగ్ ధింసాలో పులి మీద పడితే తప్పించుకోవడం ఉంది. కుందా ధింసాలో భుజాలతో నెట్టుకుంటారు. బాయా ధింసా పూనకం వచ్చినవాడిది. మనం చేసే పనులు, పడే భయాలు, మనల్ని నవ్వించేవి, మన దేవతలు అందులో ఉన్నాయి. అరకులో పర్యాటకుడి ముందు ఆడేటప్పుడు వీటిలో ఎన్ని మిగులుతాయి? నడుముల వెనక చేతులు పెనవేసుకుని వరసగా ఊగే భాగం ఫొటోకి బాగుంటుంది. అది మిగులుతుంది. పులిని చూడడానికి అతనికి తీరిక ఉండదు, రైలుకి టైమవుతుంది. ఊళ్లో చైత్రంలో ఆడితే చూసేవాళ్లంటూ వేరే ఉండరు, కూర్చున్న ముసలామె కూడా కాసేపటికి లేచి వరసలో కలుస్తుంది. ఇక్కడ మధ్యలో ఒక గీత ఉంది, గీతకు అటువైపు కుర్చీలున్నాయి.

ఆడేవాళ్లను తప్పు పట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. రాళ్లు మోసే కూలి కంటే అడుగులేసే కూలి మేలని వాళ్లు అనుకుంటే అది న్యాయమే. నా అభ్యంతరం వేరు. ఏ ధింసా ఆడాలో, ఎంతసేపో, ఏ నెలలో ఆడకూడదో చెప్పే అధికారం ఊరి నుంచి జారిపోయింది. ఆదిలాబాద్ గోండుల గుస్సాడినే తీసుకోండి. దీపావళి ముందు దండారి రోజుల్లో నెమలి ఈకల టోపీ పెట్టినవాడు నియమం పాటిస్తాడు, స్నానం కూడా చేయడు. ఆ రోజుల్లో అతను మామూలు మనిషి కాదు. అదే టోపీని ఎండాకాలం నాయకుడి ఊరేగింపు ముందు నిలబెడితే అది వేషం. 2021లో మర్లవాయి కనక రాజుకు గుస్సాడి నాట్యానికి పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా గర్వపడ్డాం, అది పడదగ్గ గర్వమే. గౌరవం వేరు, కిరాయి వేరు. గౌరవించేవాడు మన నియమాన్ని అడిగి తెలుసుకుంటాడు. కిరాయికి పిలిచేవాడు టైము చెబుతాడు.

మరి కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఎవరు? వాళ్ల మీద కోపం తెచ్చుకోవడం తేలిక. వాళ్లలో ఎక్కువమంది వారమంతా గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని శుక్రవారం రాత్రి రైలెక్కినవాళ్లు. తమ చేతిమీదుగా ఏం తయారవుతుందో, ఎవరికి పనికొస్తుందో చాలామందికి తెలియదు. మార్క్స్ 1844లో రాసిన నోటు పుస్తకాల్లో పరాయీకరణ అన్నది దీన్నే: పనిలో ఉన్నంతసేపూ మనిషి తనది కాని చోట ఉన్నట్టుంటాడు, పని వదిలాకే తనలోకి తాను వస్తాడు. ఆ మనిషి మన కొండకు వచ్చి మంచు చూసి, వెదురు బొంగు కోడి తిని, ‘ఇక్కడ ప్రశాంతంగా ఉంది, వీళ్లెంత అదృష్టవంతులు’ అంటాడు. పనిలో దొరకని అర్థాన్ని అతను రెండు రోజుల సెలవులో కొనుక్కుంటున్నాడు. తిరిగి వెళ్తూ ఆదివాసీ జీవితం గురించి నాలుగు చల్లని మాటలు అచ్చువేసిన కాఫీ ప్యాకెట్టు పట్టుకెళతాడు. వ్యాపారంలో ఇదే అన్నిటికంటే తెలివైన భాగం అనిపిస్తుంది నాకు. మన దగ్గర పనికీ అర్థానికీ ఉన్న ముడి విప్పి, పనిని కూలి ధరకు కొని, అర్థాన్ని విడిగా ప్యాకెట్టు కట్టి అతనికి అమ్మడం. పండుకు రైతు పేరు మీద ధర వస్తుంది. ఆ చల్లని మాటలకు ధర ఎవరి ఖాతాలో పడుతుంది?

అదే రైల్లో మన కుర్రాళ్లు కిందికి దిగుతున్నారు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో అపార్టుమెంటు గేటు దగ్గర పన్నెండు గంటల కాపలా, లేదా వీపున పెద్ద సంచి తగిలించుకుని డెలివరీ. ఆ యాప్‌లో అతన్ని కూలీ అనరు, ‘పార్ట్‌నర్’ అంటారు. భాగస్వామి అన్నమాట. రేటు అతను నిర్ణయించడు, ఏ ఆర్డరు వస్తుందో అతనికి తెలియదు, చుక్కలు తగ్గితే ఎవరిని అడగాలో కూడా తెలియదు. షావుకారు ముఖం కనీసం సంతలో కనిపించేది, ఎదురుగా తిట్టడానికి వీలుండేది. ఊళ్లో ఉన్నవాళ్లకైనా తప్పిందా? ఉపాధి హామీ పనిచోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలని 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని కొండ మీద చెరువు తవ్వినా ఫొటో ఎక్కకపోతే తవ్వనట్టే. ఇంగ్లండు చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో ఒక వ్యాసం రాశాడు. పనిని బట్టి పొద్దు గడిపే జనాన్ని గడియారం ప్రకారం పని చేసేలా తిప్పడానికి అక్కడి యజమానులకు గంటలు, జరిమానాలు, బడులు కావలసి వచ్చాయని అందులో చూపాడు. బడులు అన్న మాట దగ్గర ఉపాధ్యాయ మిత్రులు ఒక్క క్షణం ఆగాలి.

“చదవకపోతే మీ నాన్నలాగా పోడు కొట్టుకుని బతుకుతావ్.” ఈ వాక్యం ఎంతమంది మాస్టార్ల నోట రాలేదు? పిల్లవాడి మేలు కోరే అంటారు, నాకు తెలుసు. కాని ఆ ఒక్క వాక్యంలో తండ్రి పని శిక్షగా మారిపోయింది. ఏ నేలలో ఏ గింజ పడాలో, సామా కందీ ఎందుకు కలిపి చల్లాలో, ఏ చెట్టును నరక్కుండా వదలాలో తెలిసిన మనిషి ఓడిపోయినవాడికి గుర్తయ్యాడు. ఆ పిల్లవాడు చదివి ఉద్యోగం రాక వెనక్కి వస్తే ఇక అటూ కాడు ఇటూ కాడు. నాన్న పని చేయడం ఓటమి అని తరగతి గదిలోనే నేర్చుకున్నాడు కదా.

ఉద్యోగం వద్దని చెప్పడం లేదు. 2000లో వచ్చిన మూడో నంబరు జీవో షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాని కోసం మన యువత రోడ్డెక్కింది, ఎక్కాలి. అక్కడ అడిగింది జీతం ఒక్కటేనా? ఒకటో తరగతి పిల్లతో కువిలోనో కోయలోనో సవరలోనో మాట్లాడగల మనిషి ఆ గదిలో ఉండాలన్నది కూడా. జీతానికీ అర్థానికీ ముడి ఉన్న ఉద్యోగం అది. జీతాల లోకంలో కూడా అలాంటి ముడి వేయడం సాధ్యమేనని మనకు తెలుసు కాబట్టే దాని కోసం కొట్లాడుతున్నాం. అడవి ఫలసాయం మీద 2006 అటవీ హక్కుల చట్టం మనకు యాజమాన్యం ఇచ్చింది. దాని కింద ఊరు తనే చింతపండుకో కొండచీపుళ్లకో ధర తీర్మానించుకుని, ఆ ధరకు లోపల ఎవరూ విడిగా అమ్మకూడదని గ్రామసభలో ఒప్పుకుంటే, అది కొత్త పండుగ చేసే పనినే చేస్తుంది: అందరూ ఒకే రోజు, ఒకే మాట మీద. చట్టం అమల్లో ఎక్కడ ఎలా కుంటుతోందో మరో వ్యాసానికి సరిపడా ఉంది, ఇక్కడ దాని జోలికి పోను.

టీచర్లు ఈ సంవత్సరమే చేయగలిగే చిన్న పని ఒకటుంది. ఎనిమిదో తరగతి పిల్లల చేత గోడ మీద ఒక పట్టిక వేయించండి. ఎడమ వైపు ఊళ్లో పండేవి, అడవిలో దొరికేవి అన్నీ రాయాలి: చోళ్లు, సామలు, కంది, చింతపండు, అడ్డాకు, మిరియాలు, కాఫీ. వాటి ఎదుట నాలుగు గడులు. కోత ఎప్పుడు మొదలో ఎవరు చెబుతారు? ధర ఎవరు చెబుతారు? ఇంట్లో ఎవరు తింటారు? దానికి కొత్త ఉందా, పాట ఉందా? ఇంటికెళ్లి అమ్మనీ తాతనీ అడిగి నింపుకు రమ్మనండి. కాఫీ వరసలో చివరి గడి చాలా ఊళ్లలో ఖాళీగా రావచ్చు. మీరు పూరించకండి. దాన్ని చూసి పిల్లలు ఏమంటారో వినండి, వాళ్ల భాషలో అంటే ఆ భాషలోనే రాసిపెట్టండి.